రంగు వేసిన హ్యాండ్‌మేడ్ కాగితంతో అబ్‌స్ట్రాక్ట్ బొమ్మ: కాగితం కొనడం నుంచి ఫ్రేమ్ కట్టించేదాకా

కాగితానికి రంగు వేసి, ముక్కలుగా కత్తిరించి, పేర్చి అంటించే బొమ్మ గురించి నన్ను అడిగేవాళ్ల ప్రశ్నలు ఎప్పుడూ ఇంచుమించు మూడే. "రంగు వేయగానే కాగితం అప్పడంలా చుట్టుకుపోతోంది." "జిగురు పెట్టగానే రంగు కారిపోతోంది." "ఎన్ని ముక్కలు పెట్టినా చివరికి అతుకుల బొంతలా కనిపిస్తోంది."

మొదటి రెండూ కాగితం, రంగు సిద్ధం చేసేటప్పుడు జరిగే తొందరపాటు వల్ల వస్తాయి. మూడోది ముక్కల్ని పేర్చగానే అంటించేయడం వల్ల వస్తుంది. అందుకే ఈ మార్గదర్శిలో కత్తెర కన్నా ముందు జరిగే పనికీ, జిగురుకు ముందు రాత్రి జరిగే పనికీ ఎక్కువ చోటిచ్చాను. మొదటిసారి చేసేవాళ్లు క్రమం మార్చకుండా చేయండి. చేయి తిరిగాక మీ పద్ధతి మీకే ఏర్పడుతుంది.

1. ముందు సైజు, సమయం అనుకోండి

మొదటి బొమ్మ 15 × 22 అంగుళాల్లో చేయండి. హ్యాండ్‌మేడ్ కాగితం ఫుల్ షీటు మామూలుగా 22 × 30 అంగుళాలుంటుంది, దాన్ని సగం చేస్తే సరిగ్గా ఇదే సైజు. ఇంతకన్నా చిన్నదైతే ముక్కలు మరీ చిన్నవైపోయి చేతికి దొరకవు. పెద్దదైతే పెద్ద ముక్కను బుడగలు లేకుండా అంటించడం కొత్తవాళ్లకు కష్టం.

మొత్తం పని ఎనిమిది గంటలకు మించదు. కానీ దాన్ని నాలుగైదు రోజుల మీద పరచాలి, ఎందుకంటే మధ్యలో ఆరడానికీ, బరువు కింద ఉండడానికీ, మీ కళ్లకు విశ్రాంతికీ సమయం కావాలి.

- మొదటి రోజు: కాగితం పరీక్ష, రంగులు వేయడం
- రెండో రోజు: షీట్లను బరువు కింద పెట్టి చదును చేయడం (మీరు ఏమీ చేయనక్కర్లేదు)
- మూడో రోజు: కత్తిరించడం, పేర్చడం
- నాలుగో రోజు: మార్పులు, గుర్తులు, అంటించడం
- ఐదో రోజు: బరువు తీసి చూసుకోవడం

ఒక్క ఆదివారంలో ముగించాలనుకుంటే ఈ పని పెట్టుకోకండి.

2. కాగితం ఎంపిక

మీకు రెండు రకాల మందం కావాలి. బొమ్మకు అడుగున ఉండే షీటు 300 జీఎస్‌ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో). రంగు వేసి కత్తిరించే షీట్లు 120 నుంచి 150 జీఎస్‌ఎం. కత్తిరించేవి కూడా 300లో తీసుకుంటే కత్తెర కదలదు, ముక్క మీద ముక్క పెట్టినచోట మెట్టులా లేస్తుంది. మరీ 60, 70 జీఎస్‌ఎం తీసుకుంటే రంగు తడికే నలిగిపోతుంది.

పత్తి గుడ్డ పీలికల గుజ్జుతో చేసిన తెల్ల కాగితం అడగండి. జైపూర్ దగ్గరి సాంగానేర్, పుదుచ్చేరిలోని అరవింద ఆశ్రమం ఈ కాగితానికి పేరున్న చోట్లు. మన ఊళ్లలో పెద్ద ఆర్ట్ షాపుల్లోనూ, కొన్ని ఖాదీ దుకాణాల్లోనూ దొరుకుతుంది. యాసిడ్ ఫ్రీ (ఆమ్లం లేనిది) అని రాసి ఉన్నది దొరికితే అదే తీసుకోండి.

పూరేకులు, గడ్డిపోచలు, మెరుపు దారాలు కలిపిన కాగితం చూడగానే మనసు లాగుతుంది. గ్రీటింగ్ కార్డుకు బాగుంటుంది గానీ ఈ పనికి వద్దు. రంగు కింద ఆ పోచలు గడ్డల్లా లేస్తాయి, కట్టర్ వాటికి తగిలి పక్కకు జారుతుంది, పూరేకులు కొన్నాళ్లకు గోధుమ రంగుకు తిరుగుతాయి.

కొనేటప్పుడు:

- షీటును వెలుతురుకు ఎత్తి పట్టి చూడండి. అక్కడక్కడా మరీ పల్చటి మచ్చలుంటే పక్కన పెట్టండి.
- అరచేతితో రెండు వైపులా నిమరండి. ఒక వైపు నునుపుగా, ఒక వైపు గరుకుగా ఉంటుంది. రెండూ పనికొస్తాయి, కానీ ఏ వైపు రంగు వేస్తారో ముందే అనుకోండి.
- షాపువాళ్లు గొట్టంలా చుట్టి ఇవ్వబోతే అట్టల మధ్య పరిచి ఇమ్మనండి. చుట్టిన షీటును చదును చేయడానికే ఒక రోజు పోతుంది.
- కత్తిరించే షీట్లు ఐదు, అడుగు షీటు ఒకటి, పరీక్షలకు ఒకటి. మొత్తం ఏడు చాలు.

3. నీటి చుక్క పరీక్ష

ఈ ఒక్క నిమిషం పరీక్ష మానేసి షీట్లు పాడు చేసుకున్నవాళ్లను చాలామందిని చూశాను. కాగితం మూల మీద ఒక నీటి చుక్క వేయండి. అర నిమిషం పాటు చుక్క ముత్యంలా నిలబడితే కాగితానికి లోపల పూత సరిపోయినట్టే, నేరుగా రంగు వేయొచ్చు. వేసీ వేయగానే పీల్చేసుకుని తడి మచ్చ పాకిందంటే అది బ్లాటింగ్ కాగితంలా ప్రవర్తిస్తుంది. ఎంత రంగు పోసినా తాగేస్తుంది, పైన మచ్చలు మచ్చలుగా ఆరుతుంది.

అలాంటి కాగితానికి ముందు ఒక పూత వేయాలి. ఒక వంతు యాక్రిలిక్ మాట్ మీడియం (మెరుపు లేకుండా ఆరే, రంగు లేని యాక్రిలిక్ ద్రవం), నాలుగు వంతుల నీళ్లు కలిపి వెడల్పు బ్రష్షుతో రెండు వైపులా పల్చగా వేసి పూర్తిగా ఆరనివ్వండి. మళ్లీ చుక్క వేసి చూడండి. నిలబడాలి.

4. పోస్టర్ కలరా, యాక్రిలిక్కా?

రెండింటితోనూ చేయొచ్చు. తేడా తెలిసి చేయండి.

పోస్టర్ కలర్ ఆరాక మెత్తటి మఖ్‌మల్‌లా, మెరుపు లేకుండా కనిపిస్తుంది. కత్తెరకు హాయిగా తెగుతుంది. కానీ అందులో ఉండేది నీళ్లలో కరిగే బంక. ఆరాక కూడా తడి తగిలితే మళ్లీ కరుగుతుంది. యాక్రిలిక్ ఆరితే ఇక నీళ్లకు కరగదు, కానీ కాస్త ప్లాస్టిక్ మెరుపు వస్తుంది. ఉక్కపోతలో ఒక షీటు మీద ఇంకో షీటు పెడితే రెండూ పట్టుకుని ఊడవు.

నేను మొదట్లో చేసిన బొమ్మల్లో ఒకటి పోస్టర్ కలర్‌తో చేశాను. ఇటుక ఎరుపు ముక్కను గంధం రంగు మీద మైదా లైతో అంటించాను. లై కాస్త నీళ్లగా ఉంది. ముక్కను అరచేత్తో నొక్కేసరికి అంచు చుట్టూ ఎర్రటి నీరు ఊరింది. కంగారులో తడిగుడ్డతో తుడిచాను, అది గంధం రంగును కూడా కరిగించి అరచేతి వెడల్పున గులాబీ మచ్చ చేసింది. మూడు రోజుల పని పోయింది. మచ్చ కన్నా ఆ తుడవడమే ఎక్కువ నష్టం చేసింది.

కొత్తవాళ్లకు నా సలహా: యాక్రిలిక్ వాడండి. మెరుపు నచ్చకపోతే రంగులో పావు వంతు మాట్ మీడియం కలపండి. పోస్టర్ కలర్ మీద మనసుంటే, ఆరిన షీటు మీద, రంగును పట్టి ఉంచే మాట్ ఫిక్సేటివ్ స్ప్రేను పల్చగా రెండుసార్లు, గాలి ఆడేచోట కొట్టండి. అంటించేటప్పుడు చిక్కటి జిగురే వాడండి.

రంగు నిలకడ గురించి ఒక మాట. మెరిసిపోయే ఫ్లోరసెంట్ గులాబీలు, నారింజలు వెలుతురుకు తొందరగా వెలిసిపోతాయి. ట్యూబు వెనక పిగ్మెంట్ కోడ్, అంటే లోపల ఏ రంగు పొడి ఉందో చెప్పే గుర్తు, ఉంటుంది. పీబీ 29 అంటే అల్ట్రామెరీన్ నీలం, పీడబ్ల్యూ 6 అంటే టైటానియం తెలుపు. ఇవి వెలుతురుకు బాగా నిలుస్తాయి. కోడ్ లేని రంగుల్ని మీరే పరీక్షించండి. ఒక పట్టీకి రంగు వేసి, సగం నల్ల కాగితంతో మూసి, ఎండ పడే కిటికీకి రెండు నెలలు అంటించి ఉంచండి. రెండు సగాలకూ తేడా కనిపిస్తే ఆ రంగు బొమ్మకు వద్దు.

5. రంగులు నాలుగైదు చాలు

ఇంట్లో ఉన్న పన్నెండు ట్యూబులూ వాడాలనిపిస్తుంది. అతుకుల బొంత అక్కడే మొదలవుతుంది. ఒక లేత రంగు, ఒక మధ్యస్థం, ఒక ముదురు, ఒక బూడిద లాంటి నెమ్మది రంగు, చివరగా ఎంతో కొంచెం వాడే ఒక ఘాటు రంగు. అంతే.

ఈ మార్గదర్శి పొడవునా నేను ఉదాహరణగా చెప్పే బొమ్మకు తీసుకున్నవి: గంధం రంగు, ఇటుక ఎరుపు, ముదురు నీలం, బూడిద, చిటికెడు చిలకాకుపచ్చ.

ప్రతి రంగునూ మూత ఉన్న డబ్బాలో ఒకేసారి కలుపుకోండి. సగంలో అయిపోతే మళ్లీ అదే రంగు కలపడం ఎవరి వల్లా కాదు. రంగు వేయడం అయ్యాక అడుగున రెండు చెంచాలు తప్పకుండా మిగిల్చి మూత పెట్టండి. అంచుల మరమ్మతుకు అది కావాలి.

6. షీట్లకు రంగు వేయడం

బొమ్మకు ప్రాణం ఇక్కడ వస్తుంది. ఫ్రెంచ్ చిత్రకారుడు మతీస్ తన చివరి సంవత్సరాల్లో కత్తెరతో చేసిన బొమ్మలకు కూడా ముందు సహాయకులు కాగితాలకు గ్వాష్ (నీళ్లతో కలిపే చిక్కటి) రంగు వేసి సిద్ధం చేసేవాళ్లు, ఆ తర్వాతే ఆయన కత్తెర పట్టేవారు. మనకు సహాయకులు లేరు కాబట్టి రెండు పనులూ రెండు వేరు రోజుల్లో చేసుకుందాం. రంగు చేతులతో కత్తెర పట్టకూడదు.

కావలసినవి:

- 2 అంగుళాల ఫ్లాట్ బ్రష్షు ఒకటి. వెంట్రుకలు ఊడే చవక బ్రష్షయితే ముందు నీళ్లలో నానబెట్టి, అరచేతికి కొట్టి, ఊడేవన్నీ ఊడగొట్టండి.
- స్పాంజి, రెండు గిన్నెల నీళ్లు
- పాత దువ్వెన, గట్టిబడ్డ పాత బ్రష్షు
- కింద పరచడానికి ప్లాస్టిక్ షీటు

క్రమం:

ఒకటి. షీటుకు రెండు వైపులా స్పాంజితో కాస్త తడి అద్దండి. ఇస్త్రీకి ముందు బట్టల మీద నీళ్లు చిలకరించినంత తడి చాలు. పొడి కాగితం మీద నేరుగా రంగు పెడితే ఒక వైపే ఉబ్బి మెలితిరుగుతుంది.

రెండు. మొదటి పూత పల్చటి మజ్జిగలా ఉండాలి. షీటు అడ్డంగా, ఈ అంచు నుంచి ఆ అంచుదాకా బ్రష్షు ఎత్తకుండా లాగండి. మొదటి పూత మచ్చలుగా కనిపిస్తుంది, కంగారు పడకండి.

మూడు. పూర్తిగా ఆరాక రెండో పూత. ఇది దోసె పిండి కన్నా కాస్త పల్చగా ఉండాలి. ఈసారి నిలువుగా లాగండి. అడ్డం, నిలువు కలిసి కాగితం గరుకులో రంగు నిండుతుంది.

నాలుగు. షీటు తిప్పి వెనక వైపు మిగిలిపోయిన ఏదైనా రంగును పల్చగా ఒక పూత వేయండి. చాలామంది వదిలేసే మెట్టు ఇదే. రంగు ఆరేటప్పుడు ముడుచుకుంటూ కాగితాన్ని తన వైపు లాగుతుంది. వెనక కూడా పూత ఉంటే రెండు లాగుళ్లూ సరితూగి షీటు చదునుగా ఉంటుంది.

అన్ని షీట్లూ ఒకేలా నున్నగా వేయకండి. నీలం షీటును ఒక సగం నిండుగా వేసి, రెండో సగం మీద ఇంచుమించు పొడిగా ఉన్న బ్రష్షును తేలిగ్గా లాగండి. కాగితం గుంతల్లో తెల్లదనం మిగిలిపోయి, మెట్ట మీద మాత్రమే నీలం అంటుకుంటుంది. హ్యాండ్‌మేడ్ కాగితం కొన్నందుకు ఫలితం అదే, నున్నటి కార్డు షీటు మీద ఆ గరుకు ఎంత తిప్పలు పడినా రాదు. ఇటుక ఎరుపు తడిగా ఉండగానే పాత దువ్వెనతో ఒకసారి దువ్వండి, సన్నటి చారలు పడతాయి. గంధం రంగు షీటును మాత్రం నెమ్మదిగా, ఏ హడావుడీ లేకుండా వదిలేయండి. కంటికి విశ్రాంతి కావాలి కదా.

7. ఆరబెట్టడం, చదును చేయడం

ఫ్యాను కింద పెట్టకండి. ఒక వైపు తొందరగా ఆరి చుట్టుకుంటుంది. ఎండలో అసలే వద్దు. నీడలో, దండేనికి రెండు మూలలా క్లిప్పులు పెట్టి వేలాడదీయండి. క్లిప్పు గుర్తు పడకుండా మధ్యలో చిన్న కాగితం ముక్క పెట్టండి.

చేతికి తడి తగలనంత ఆరాక, షీటుకూ షీటుకూ మధ్య బటర్ పేపర్ వేసి, కింద పైన నున్నటి అట్టలు పెట్టి, పైన బరువైన పుస్తకాలు పేర్చి ఒక రోజంతా ఉంచండి. బటర్ పేపర్ మరిచిపోతే, ముఖ్యంగా వర్షాకాలంలో విశాఖ, కాకినాడ లాంటి తీరం ఊళ్లలో, తెల్లారేసరికి యాక్రిలిక్ షీట్లు ఒకదాన్నొకటి కరుచుకుని ఉంటాయి. లాగితే రంగు పొరలుగా ఊడొస్తుంది.

8. ఆకారం ఎక్కడి నుంచి తీసుకోవాలి

అబ్‌స్ట్రాక్ట్ అంటే తోచిన ముక్కలు తోచినచోట పెట్టడం అనుకుంటే చేయి తొందరగా అలసిపోతుంది. చూసినదాన్నుంచి మొదలుపెట్టండి, తర్వాత దాన్ని వదిలేయండి.

నా ఉదాహరణ బొమ్మకు మూలం మా ముందు గదిలో సాయంత్రం నాలుగింటికి నేల మీద పడే కిటికీ ఊచల నీడ. నీడను చూసి బొమ్మ గీయలేదు. మూడు మాటలు రాసుకున్నాను: ఎడమ వైపు పెద్ద చీకటి, ఏటవాలు చారలు, ఒక మూల వెలుతురు. ఆ మాటలతోనే కత్తెర పట్టాను. మీరు కోసిన వరి మడి గట్లు తీసుకోవచ్చు, పెచ్చులూడిన గోడ తీసుకోవచ్చు. మూడు మాటలు మాత్రం రాసుకోండి.

9. కత్తిరించడం, చింపడం

కత్తెర 8 అంగుళాలది, టైలర్లు వాడే రకం. దాన్ని ఇక కాగితానికే ఉంచండి, ఇంట్లో బట్టలకు వాడితే తిడతారు, న్యాయమే.

వంపు తిరిగే ఆకారాలకు కత్తెరను కదపకండి. కత్తెర పట్టిన చేయి ఒకచోట ఉంచి, కాగితాన్ని రెండో చేత్తో తిప్పండి. మొనదాకా పూర్తిగా మూయకుండా, బ్లేడు మధ్యలోనే తెరుస్తూ మూస్తూ వెళ్లండి. పూర్తిగా మూసినచోటల్లా అంచు మీద చిన్న గంటు పడుతుంది.

పెన్సిల్ గీతలు వద్దని నా అభిప్రాయం. ముగ్గు వేసేవాళ్లు నేల మీద ముందు పెన్సిల్‌తో గీసుకోరు. చుక్కలు చూసుకుని చేయి లాగేస్తారు, ఆ గీతలో ఒక ధైర్యం కనిపిస్తుంది. ఇక్కడా అంతే. గీత మీద కత్తిరించిన అంచు భయం భయంగా ఉంటుంది. పాత క్యాలెండర్ కాగితాల మీద పది నిమిషాలు చేయి ఆడించి, తర్వాత రంగు షీటు తీసుకోండి.

నిటారు అంచులకు కట్టర్, స్టీలు స్కేలు, కింద కటింగ్ మ్యాట్ కావాలి. పత్తి నారలు పొడవుగా ఉంటాయి కాబట్టి మొద్దు బ్లేడు వాటిని కోయకుండా పీకుతుంది, అంచు నూగులా లేస్తుంది. నాలుగైదు కోతలకొకసారి బ్లేడు మొన విరిచి కొత్తది తీయండి. ఒక్క ఊపులో గట్టిగా నొక్కకుండా, తేలిగ్గా రెండు మూడుసార్లు లాగండి.

మెత్తటి అంచు కావాలంటే చింపాలి. ముక్క వెనక వైపు నీళ్లలో ముంచిన సన్న బ్రష్షుతో గీత గీసి, అర నిమిషం ఆగి, రెండు చేతులా నెమ్మదిగా విడదీయండి. వెనక పూత నీటిని ఆపుతుంటే అదే గీతను ఇంకోసారి తడపండి. నారలు సాగి, దూది అంచులా వస్తుంది. పొడిగా చింపితే ఒక ముక్కకు తెల్లటి అంచు వస్తుంది, దాని జత ముక్కకు రంగే అంచుదాకా ఉంటుంది. ఏ చేయి లాగితే ఏది వస్తుందో వ్యర్థం ముక్క మీద చూసుకోండి.

తెగిన ముక్కల చుట్టూ మిగిలే తుక్కు పారేయకండి. పెద్ద ఆకారం కత్తిరించాక చేతిలో మిగిలిన ఖాళీ ముక్క చాలాసార్లు అసలు దానికన్నా బాగుంటుంది.

10. పేర్చడం: జిగురు సీసా ఇంకో గదిలో పెట్టండి

ముందు ఫ్యాను ఆపండి. అడుగు షీటును థర్మకోల్ షీటు మీద పెట్టి నాలుగు మూలలా గుండుసూదులు గుచ్చి, గోడకు ఆనించి నిలబెట్టండి. ముక్కల్ని కూడా గుండుసూదులతోనే నిలపండి. బల్ల మీద పడుకోబెట్టి పేరిస్తే దగ్గరివి పెద్దగా, దూరానివి చిన్నగా కనిపించి లెక్క తప్పుతుంది. నిలబెట్టి, ఎనిమిది అడుగులు వెనక్కి నడిచి చూడాలి.

నా కిటికీ నీడ బొమ్మ మొదటి అమరిక చెబుతాను. నీలం ముక్కలు నాలుగు, ఎరుపు చారలు ఐదు, గంధం మూడు. అన్నీ ఇంచుమించు ఒకే సైజు, మధ్యలో ఒకే ఖాళీ. పళ్లెంలో పేర్చిన బర్ఫీ ముక్కల్లా ఉంది. ఏ ముక్కా తప్పు కాదు, కానీ కన్ను ఎక్కడా ఆగట్లేదు.

మూడు మార్పులు చేశాను. నాలుగు నీలం ముక్కలు తీసేసి, ఎడమ వైపు 11 అంగుళాల ఎత్తున్న ఒకే నీలం దిమ్మ పెట్టాను, దాని పై అంచు షీటు బయటికి పోయేలా. ఎరుపు చారలు మూడుకు తగ్గించి, ఒకదాన్ని 6 మిల్లీమీటర్ల సన్నంగా చేశాను. ఆ తర్వాత నీలం దిమ్మకూ మొదటి చారకూ మధ్య ఖాళీని రెండు వేళ్ల వెడల్పుకు పెంచాను. అంతసేపూ నేల మీద గీతల్లా ఉన్నవి ఆ ఖాళీతో వెలుతురులా మారాయి. చిలకాకుపచ్చ గోరంత ముక్క కుడి కింద మూల చివర్లో పెట్టాను. దాన్ని మధ్యలో పెడితే బొట్టులా ఉంది, మూలకు జరిపితే కన్నును అక్కడిదాకా తీసుకెళ్లింది.

మీరు పేర్చాక ఇవి చూసుకోండి:

- అన్నిటికన్నా పెద్ద ముక్క, అన్నిటికన్నా చిన్న ముక్క మధ్య కనీసం పదింతల తేడా ఉందా?
- ముక్కల మధ్య ఖాళీలు కూడా రకరకాలుగా ఉన్నాయా? ఖాళీ కూడా ఒక ఆకారమే.
- కనీసం ఒక ముక్క షీటు అంచును దాటి పోతోందా?
- ఫోన్‌లో బ్లాక్ అండ్ వైట్ ఫొటో తీస్తే ముదురు, లేత విడివిడిగా కనిపిస్తున్నాయా? అంతా ఒకే బూడిదైతే రంగులు వేరైనా బరువు ఒకటే అని అర్థం.
- బోర్డును తలకిందులు చేసి చూస్తే ఒక వైపు ఒరిగిపోయినట్టుందా?

ఇంకేమీ పెట్టాలనిపించకపోతే ఒక ముక్క తీసి చూడండి. తీసినా ఏమీ లోటు లేకపోతే అది అక్కర్లేదు.

ఆ రాత్రి అలాగే వదిలేయండి. ఫొటో తీసి పెట్టుకోండి. పొద్దున్నే గదిలోకి వెళ్లగానే మొదట కంటికి తగిలే ఇబ్బంది ఏదో, అదే అసలు తప్పు. రాత్రి మీరు ఎంత చూసినా అది కనిపించదు.

11. గుర్తులు

బొమ్మ మీద ట్రేసింగ్ పేపర్ పరిచి, పై అంచును మాత్రం థర్మకోల్‌కు టేపుతో అంటించండి. పుస్తకం అట్టలా ఎత్తడానికీ దించడానికీ వీలుగా ఉండాలి. ప్రతి ముక్క అంచునూ దాని మీద పెన్సిల్‌తో గీసి నంబరు వేయండి. తర్వాత ముక్కలు ఒక్కొక్కటే తీస్తూ వెనక అదే నంబరు, పైకి ఏ వైపో చూపే బాణం రాయండి. ఒకదాని మీద ఒకటి ఉన్నచోట అడుగున ఉండేదానికి చిన్న నంబరు రావాలి. అంటించే వరుస అదే.

ఇప్పుడు బోర్డును బల్ల మీద పడుకోబెట్టి సూదులన్నీ తీయండి. అడుగు షీటు కదలకూడదు.

12. అంటించడం

తెల్ల జిగురు, అంటే ఫెవికాల్ లాంటిది, మూడు వంతులకు ఒక వంతు నీళ్లు కలపండి. న్యూట్రల్ పీహెచ్ (ఆమ్లమూ క్షారమూ కానిది) అని రాసి ఉన్నది దొరికితే మరీ మంచిది. మాట్ మీడియం కూడా చక్కగా అంటుకుంటుంది.

మైదా లై కావాలనుకునేవాళ్లకు: ఒక చెంచా మైదాకు ఐదు చెంచాల నీళ్లు, ఉండలు లేకుండా కలిపి, సన్న మంట మీద తిప్పుతూ జావలా మెరుపు వచ్చేదాకా ఉడికించి, వడకట్టి చల్లార్చండి. పోస్టర్లు అంటించేవాళ్లు పురుగు పట్టకుండా మైలుతుత్తం కలుపుతారు. మీరు కలపకండి. అది విషం, పైగా లేత రంగుల కింద నీలిపచ్చ ఛాయ తెస్తుంది. లైకి సిల్వర్ ఫిష్ (కాగితం కొరికే చిన్న పురుగు) వస్తుంది కాబట్టి ఇంట్లో తేమ ఎక్కువుంటే తెల్ల జిగురే మేలు.

ఒక్కో ముక్కకు క్రమం ఇది:

ఒకటి. పాత క్యాలెండర్ షీటు తెల్ల వైపు మీద ముక్కను బోర్లా పెట్టండి. న్యూస్ పేపర్ వద్దు, సిరా అంటుతుంది.

రెండు. జిగురు మధ్య నుంచి బయటికి, అంచు దాటిపోయేలా పల్చగా రాయండి. అంచులే ముందు లేస్తాయి కాబట్టి అక్కడ ఖాళీ ఉండకూడదు. మందంగా రాస్తే నొక్కినప్పుడు బయటికి ఉబుకుతుంది.

మూడు. లై అయితే రెండు నిమిషాలు ఆగండి. తడికి కాగితం సాగుతుంది, సాగడం అయ్యాక అంటిస్తేనే ముడతలు పడవు. తెల్ల జిగురైతే వెంటనే పెట్టాలి.

నాలుగు. ట్రేసింగ్ పేపర్ దించి, దాని కింద నుంచి ముక్కను గీతకు జరిపి, ఒక అంచు ఆనించి మిగతాది నెమ్మదిగా దించండి. ట్రేసింగ్ పేపర్ ఎత్తేయండి.

ఐదు. పైన కొత్త బటర్ పేపర్ వేసి, మధ్య నుంచి అంచులకు అరచేత్తో, తర్వాత అప్పడాల కర్రతో నెమ్మదిగా ఒత్తండి. క్యాలెండర్ షీటును పారేసి కొత్తది తీయండి. ఒకే షీటు రెండోసారి వాడితే మిగిలిన జిగురు తర్వాతి ముక్క ముఖానికి అంటుతుంది.

నా నీలం దిమ్మ లాంటి పెద్ద ముక్కకు ఒక చిట్కా. ఈ ఒక్కదానికి జిగురును ముక్కకు రాయకండి. అడుగు షీటు మీద దాని చోటులోనే, గీత దాటకుండా రాసి ఐదు నిమిషాలు వదలండి. తడి మెరుపు పోయి, వేలికి కాస్త పట్టేలా ఉండాలి. దాని మీద బటర్ పేపర్ పరిచి, పై నుంచి రెండు అంగుళాలు మాత్రం తెరిచి ఉంచండి. ముక్కను గీతకు సరిచేసి ఆ రెండు అంగుళాలు అంటించండి. తర్వాత బటర్ పేపర్‌ను కొంచెం కొంచెం కిందికి లాగుతూ వెంటే ఒత్తుకుంటూ రండి. చివర్లో అంచుల కింద సన్న బ్రష్షుతో కాస్త జిగురు అందించి మళ్లీ నొక్కండి.

అన్నీ అయ్యాక బటర్ పేపర్, అట్ట, పుస్తకాలు. రాత్రంతా ఉంచండి. మధ్యలో ఎత్తి చూడాలని టెన్షన్ పడతారు, చూడకండి.

13. తప్పు జరిగితే

- జిగురు బయటికి ఉబికింది: యాక్రిలిక్ అయితే వెంటనే, బాగా పిండిన తడిగుడ్డతో అద్ది తీయండి, రుద్దకండి. పోస్టర్ కలర్ అయితే ముట్టుకోకండి. ఆరాక అదే రంగు మిగుల్చుకున్న డబ్బాలోంచి అద్దండి.
- బుడగ వచ్చింది: సన్న సూదితో గుచ్చి, గాలి పోయేలా నొక్కి, బటర్ పేపర్ వేసి బరువు పెట్టండి. గట్టిగా ఆరిపోయి ఉంటే కట్టర్ మొనతో చిన్న గాటు పెట్టి, సన్న బ్రష్షుతో లోపలికి జిగురు పంపండి.
- అంచు లేచింది: పళ్లు కుట్టుకునే పుల్లకు జిగురు అద్ది లోపలికి తోసి, బటర్ పేపర్ మీద బరువు పెట్టి ఒక గంట ఉంచండి.
- తెగిన అంచులో తెల్లదనం కనిపిస్తోంది: అంటించక ముందైతే ఇంచుమించు పొడి బ్రష్షుతో అంచుకు మాత్రమే రంగు తాకించండి. కొన్నిచోట్ల ఆ తెల్ల గీత ముక్కను విడిగా నిలబెడుతుంది. అక్కడ వదిలేయండి.
- బొమ్మ మొత్తం విల్లులా వంగింది: వెనక వైపు స్పాంజితో తేలిగ్గా తడి అద్ది, రెండు రోజులు బరువు కింద పెట్టండి. మళ్లీ వంగితే వెనక అదే మందం కాగితం ఒకటి పూర్తిగా అంటించండి.
- ముక్క వంకరగా అంటుకుంది: మొదటి నిమిషంలో అయితే మూల పట్టి ఎత్తేయండి. ఆ తర్వాత అయితే ఎత్తకండి, పైన ఇంకో ముక్క కప్పండి. ఎత్తితే అడుగు షీటు పొర ఊడొస్తుంది.

14. ఫ్రేమ్

ఫ్రేమ్ షాపులో ఒక్క మాట మరిచిపోకుండా చెప్పండి: అద్దం బొమ్మకు తగలకూడదు. మధ్యలో 5 మిల్లీమీటర్ల స్పేసర్ (ఎడం ఉంచే పట్టీ) గానీ, మందపాటి మౌంట్ బోర్డు (బొమ్మ చుట్టూ చట్రంలా వచ్చే అట్ట) గానీ పెట్టించండి. నేను ఒకసారి ఇది చెప్పకుండా ఇచ్చేశాను. అద్దం నేరుగా ఆనించి బిగించారు. ఒక వర్షాకాలం గడిచాక ఎరుపు చార అద్దానికి అంటుకుపోయింది, అద్దం తీస్తే రంగు దానితోనే వచ్చేసింది.

- బొమ్మ వెనక నేరుగా హార్డ్‌బోర్డు తగలనివ్వకండి. మధ్యలో యాసిడ్ ఫ్రీ బోర్డు ఉండాలి.
- బొమ్మను బ్రౌన్ టేపుతో, సెల్లోటేపుతో అంటించనివ్వకండి. పల్చటి హ్యాండ్‌మేడ్ కాగితం పట్టీలు, లై చాలు.
- హ్యాండ్‌మేడ్ కాగితం సహజమైన గరుకు అంచు బాగుంటే మౌంట్ కింద దాచకుండా తేలేలా పెట్టమనండి.
- వాన తాకే బయటి గోడకు తగిలించకండి. ఫ్రేమ్ వెనక నాలుగు మూలలా చిన్న రబ్బరు బొడిపెలు అంటిస్తే గోడకూ ఫ్రేమ్‌కూ మధ్య గాలి ఆడుతుంది.
- నేరుగా ఎండ పడేచోటు వద్దు.

ఫ్రేమ్ బిగించే ముందు బొమ్మ వెనక పెన్సిల్‌తో తేదీ, వాడిన రంగుల పేర్లు, జిగురు పేరు రాయండి. ప్రతి రంగు షీటులో మిగిలిన ఒక్కో ముక్కను బటర్ పేపర్‌లో చుట్టి, చిన్న కవరులో పెట్టి ఫ్రేమ్ వెనక అంటించండి. ఎప్పుడైనా ఒక మూల చెదిరితే ఆ రంగు కోసం మళ్లీ వెతుక్కోనక్కర్లేదు.